నిర్జన తీరం అన్న మాట దగ్గరే నాకు పేచీ

ప్రశ్న: ఆరేళ్ల పాప, డెబ్బైకి దగ్గరపడ్డ అమ్మతో కలిసి కారులో ఒడిశాలోని గోపాలపూర్ నుంచి శ్రీకాకుళం జిల్లా బారువ దాకా తీరం వెంబడి వెళ్దామనుకుంటున్నాం. గాలి బాగా ఉంటుందట. నిర్జన తీరంలో ఒక రాత్రి టెంటు వేసుకుని ఉండొచ్చా? ఎలాంటి టెంటు కొనాలి?

ఉండొచ్చు. మేం ఉన్నాం, అదీ అత్తయ్యతో, ఇద్దరు పిల్లలతో. టెంటు సంగతి తర్వాత చెబుతాను. ముందు మీరు రాసిన 'నిర్జన' అన్న మాట తీసెయ్యండి. గోపాలపూర్ నుంచి బారువ దాకా మనిషి లేని తీరం నాకైతే ఎక్కడా కనబడలేదు. రోడ్డు మీంచి చూస్తే సరుగుడు తోట, ఇసుక దిబ్బ, దాని వెనక నీళ్లు, ఇంతే ఉన్నట్టుంటుంది. ఆ దిబ్బ ఎక్కి చూడండి. పడవలు, ఆరేసిన వలలు, ఇసుక మీద ఎండుతున్న చేపలు, గంగమ్మ గుడి. ఆ ఊళ్లవాళ్లు మాట్లాడేది తెలుగు. ఒడిశాలో వాళ్లని నోలియాలంటారు. తరాల కిందట శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేట వెంబడి పైకి వచ్చినవాళ్లు, పూరీ దాకా ఉన్నారు. పూరీ సముద్రంలో స్నానానికి దిగితే కోసుగా ఉన్న టోపీ పెట్టుకుని మన చెయ్యి పట్టుకుంటాడే, ఆ మనిషి నోలియాయే.

మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మా తాతగారు ఇల్లు మారకుండానే రాష్ట్రం మారారు. వి.వి.గిరి గారు పుట్టిన ఊరు ఇదే. ఇంత పాత ఊళ్లో పుట్టి, అరగంటలో చేరిపోయే గోపాలపూర్ తప్ప మిగతా తీరం నలభై ఏళ్లు వచ్చేదాకా నేను చూడలేదంటే నాకే బాధేసింది. 2024లో గుడ్ ఫ్రైడే, శని, ఆది, ఆ సోమవారం ఉత్కళ దివస్, నాలుగు రోజులు వరసగా సెలవులొచ్చాయి. మొదటి రాత్రి చిలక సరస్సు ఒడ్డున రంభలో చుట్టాలింట్లో పడుకుని, శనివారం గంజాం, ఛత్రపురం మీదుగా కిందికి దిగి, గోపాలపూర్ దాటాక ఎక్కడో ఒక చోట టెంటు వేసుకుందామని అనుకున్నాం. ఆదివారం సోనాపూర్, ఇచ్ఛాపురం మీదుగా బారువ. సోమవారానికి ఇల్లు.

అత్తయ్యకి ఈ ప్రయాణం మొదట్నుంచీ ఇష్టం లేదు. ఆవిడకి గాలంటే భయం. ఆ భయాన్ని నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే 1999 అక్టోబరు 17 రాత్రి నాకూ గుర్తుంది. అప్పుడు నాకు పదిహేనేళ్లు. అందరూ ఆ నెల 29న వచ్చిన సూపర్ సైక్లోన్ గురించే చెప్పుకుంటారు గానీ, దానికి పన్నెండు రోజుల ముందే మా గంజాం మీద పడ్డ తుపాను గురించి ఎవరూ మాట్లాడరు. మా ఇంటి వెనక రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే అమ్మ నన్నూ తమ్ముణ్ణీ మంచం కిందికి తోసింది. తర్వాత 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, గంటకు 200 కిలోమీటర్లకు పైగా గాలితో. కాబట్టి మార్చి నెల గాలి తుపాను గాలి కాదని అత్తయ్యకి నచ్చజెప్పడానికి మా ఆయనకి వారం పట్టింది.

ఇక అసలు కథ. సాయంత్రం నాలుగింటికి గోపాలపూర్‌కి దక్షిణాన సరుగుడు తోటలోంచి పోయే ఒక మట్టిబాట పట్టి వెళ్లాం. కారు తోట అంచునే ఆపాం. ఆ ఒక్క పని మాత్రం బుద్ధిగా చేశాం. దిబ్బ దాటితే తీరమంతా ఖాళీగా కనబడింది. ఊరు అర కిలోమీటరు అవతల ఉంది, దాని వైపు మేం చూడనుకూడా లేదు. నీళ్లకి దగ్గరగా, చదునుగా, కాస్త తడిగా ఉన్న చోటు చూసి టెంటు పరిచాం. నాలుగు వేలు పెట్టి కొన్న టెంటు. దాంతో పాటు వేలెడంత మందం కూడా లేని ఇనుప మేకులు పన్నెండు ఇచ్చారు. మా ఆయన వాటిని రాయితో దిగ్గొట్టాడు. గడ్డలాంటి నేల అయితే అవి ఆగేవేమో. ఇసుకలో పిండిలో పుల్ల గుచ్చినట్టే ఉంది.

కమ్మీలు ఎక్కించి గుడ్డ పైకి లేపామో లేదో గాలి దాని కడుపులో దూరింది. రెండు మేకులు ఒకేసారి ఊడొచ్చాయి, ఒకటి మా ఆయన చెవి పక్కనుంచి పోయింది. టెంటు బంతిలా దొర్లుకుంటూ తీరం వెంబడి పరిగెత్తింది. మావాడికి పదకొండేళ్లు. వాడు దాని వెనకాలే పరుగు. అది నీళ్ల అంచుకి దొర్లింది, వాడూ నీళ్ల అంచుకి పోయాడు. అక్కడ ఒడ్డు మెట్టులాగా ఒక్కసారి దిగిపోతుంది, ఒక్క అల వచ్చి వెనక్కి లాగితే పెద్దవాళ్లే నిలబడలేరు. నేను అరిచిన అరుపు గాలికి నాకే వినబడలేదు. అవతల పడవల దగ్గర వల బాగుచేసుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు లేచి, ఒకడు మావాడి రెక్క పట్టుకున్నాడు, ఇంకొకడు టెంటుని. ఆ మొదటి కుర్రాడి ముఖం నేను ఈ జన్మలో మర్చిపోను.

అందుకే చెబుతున్నాను, గాలి తీరంలో పిల్లలకి నేర్పాల్సిన మొదటి మాట ఇది: ఏది ఎగిరిపోయినా దాని వెనకాల పరిగెత్తకూడదు. టోపీ అయినా, బంతి అయినా, టెంటు అయినా సరే. ఈ మాట ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే చెప్పండి, పదిసార్లు చెప్పించండి.

కుర్రాళ్ల వెనకాలే ఒక ముసలాయన నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. లుంగీ, మెడలో తువ్వాలు. మా మేకు ఒకటి ఏరి చేతిలో పట్టుకుని తిప్పి చూశాడు.

"ఏటి బావూ ఇది? ఇసకలో ఇది ఆగుతాదేటి?" అన్నాడు మా ఆయనతో. తర్వాత అత్తయ్య వైపు తిరిగి, "ఊళ్లోకొచ్చి ఒక మాట అడగరేటమ్మా? ఇక్కడ రేతిరి నీళ్లొస్తాయి" అన్నాడు.

మేం టెంటు పరిచిన చోటు తడిగా ఎందుకుందో అప్పుడు గాని మాకు తట్టలేదు. పోటు వచ్చినప్పుడు అల అక్కడి దాకా వస్తుంది. ఇసుక మీద ఎండిన నాచు, పుల్లలు, గవ్వలు ఒక గీతలా పేరుకుని ఉంటాయి చూడండి, ఆ గీత పోటు ఎక్కిన హద్దు. దానికి బాగా పైన, దిబ్బ మొదట్లో, గాలికి దిబ్బ అడ్డం వచ్చేలా వేసుకోవాలి. ఆ తాత మాకు చూపించిన చోటు మొగలి పొదలకి పది అడుగుల ఇవతల. మొగలి పొద అనగానే అత్తయ్య నాగుపాములంది. "పొదలోకి కాదమ్మా, పొద చాటుకి. గాలిని అదే కాస్తాది" అన్నాడాయన. మా గంజాం జిల్లాకి ఆ మొగలిపూలే పేరు, కెవ్డా అత్తరు, నూనె ఇక్కడ్నుంచే పోతాయి. ఇసుక కదిలిపోకుండా పట్టి ఉంచేది కూడా ఆ వేళ్లే. సరుగుడు చెట్ల కింద మాత్రం వేయొద్దన్నాడు, గాలికి ఎండుకొమ్మలు ఊడి పడతాయట. ఫైలిన్‌కి ఆ తోటలు ఎలా పడుకున్నాయో చూసిన మనిషి చెప్పిన మాట అది.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి, మీ ప్రశ్నలో అసలు పనికొచ్చే జవాబు ఇదే. తాత కుర్రాణ్ణి పంపి ఊళ్లోంచి ఏడు ఖాళీ సిమెంటు సంచులు తెప్పించాడు. ఒక్కొక్క దాంట్లో సగానికి తడి ఇసుక పోయించాడు. మూతి దగ్గర మెలిపెట్టి నైలాన్ తాడుతో కట్టాడు, రెండో కొస టెంటు మూలకి. తర్వాత మోకాలి లోతు గొయ్యి తవ్వించి, సంచిని నిలువుగా పెట్టకుండా తాడు లాగే వైపుకి అడ్డంగా పడుకోబెట్టాడు. తాడు గోతిలోంచి ఏటవాలుగా పైకి వచ్చేలా చిన్న కాలవ గీశాడు. ఇసుక కప్పి తొక్కించి, ఒక బిందె నీళ్లు పోయించి మళ్లీ తొక్కించాడు. "ఇప్పుడు లాగండి" అన్నాడు. మా ఆయనా నేనూ కలిసి లాగాం. కదల్లేదు. అంత లోతున అడ్డంగా పడుకున్న సంచి పైకి రావాలంటే దాని మీదున్న ఇసుకనంతా ఎత్తుకుని రావాలి. మేకుకి ఆ బరువు లేదు, అందుకే ఊడొస్తుంది. నాలుగు మూలలకి నాలుగు, దక్షిణం వైపు, అంటే గాలి వచ్చే వైపు, అదనంగా రెండు.

ఏడోది పడమర వైపు, వెనకాల పెట్టించాడు. అటువైపు గాలే లేదు కదా, ఎందుకని అడిగాను.

"తెల్లారగట్ల కొండగాలి తిరుగుతాది తల్లీ."

తిరిగింది. మార్చి, ఏప్రిల్‌లో మధ్యాహ్నం నేల సముద్రం కన్నా తొందరగా వేడెక్కుతుంది కాబట్టి నీళ్ల మీంచి గాలి లోపలికి లాగుతుంది, దానికి ఈ కాలపు దక్షిణపు గాలి తోడవుతుంది. అందుకే పన్నెండు దాటాక మొదలై పొద్దు గుంకేవేళకి తీవ్రం అవుతుంది. అర్ధరాత్రి దాటాక నేల చల్లబడుతుంది, అప్పుడు మహేంద్రగిరి వైపు కొండల నుంచి సముద్రం మీదికి గాలి మళ్లుతుంది. మోటార్లు రాకముందు ఆ తెల్లవారుజాము గాలికే తెరచాప ఎత్తి వేటకి పోయేవాళ్లు, మధ్యాహ్నపు గాలికి వెనక్కి వచ్చేవాళ్లు. తాత తన చిన్నప్పుడు అలా పోయిన మనిషి. నాలుగున్నరకి నాకు మెలకువ వచ్చేసరికి టెంటు గుడ్డ పడమర వైపు నుంచి లోపలికి నొక్కుకుంటోంది, ఆ ఏడో సంచి తాడు బిర్రుగా లాగి ఉంది. నేను చెయ్యి బయటికి పెట్టి ఆ తాడు పట్టుకుని చూశాను. వీణ తీగలా కంపిస్తోంది.

వంట సంగతి. మా చిన్న గ్యాస్ పొయ్యి గాలికి ఆరు సార్లు ఆరిపోయింది. కారు చాటున, ఇసుకలో గొయ్యి తీసి అందులో పెడితే గాని వెలగలేదు. అది కూడా అన్నం ఉడికేదాకా, అంతే. కాబట్టి గాలి తీరంలో వంట పెట్టుకోకండి అంటాను నేను. చద్దన్నం, ఆవకాయ, బరంపురం అప్పడాలు ముందే వేయించి డబ్బాలో, అటుకులు, బెల్లం, అరటిపళ్లు, ఇవి చాలు. మూత బిగుతుగా ఉన్న డబ్బాలే పట్టుకెళ్లండి, లేకపోతే ప్రతి ముద్దలోనూ ఇసుక. ఆ రాత్రి తాత ఇంటి నుంచి కవళ్ల పులుసు వచ్చింది, చిన్న చిన్న చేపలు, చింతపండు దట్టంగా. ముళ్లు ఏరి మా పాపకి పెట్టింది అత్తయ్యే. ఆవిడ అప్పటికే వాళ్ల వీధిలో కూర్చుని తాత భార్యతో ఊళ్ల పేర్లు కలుపుకుంటోంది. ఆ అవ్వ పుట్టిల్లు బారువ దగ్గర, అత్తయ్యది సోంపేట. పక్క పక్క ఊళ్లే. అర్ధగంటలో ఒకరినొకరు "వదినా" అనుకున్నారు. మా ఆయన వారం రోజులు చెప్పినా పూర్తిగా పోని భయం ఆ వాకిట్లో పోయింది. ఫైలిన్ రోజున ఊరు ఊరంతా తుపాను షెల్టరుకి పోయి, తిరిగొచ్చేసరికి వలలు లేవట, మనుషులందరూ ఉన్నారట. ఆ మాట అవ్వ చెప్పినప్పుడు అత్తయ్య ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఇక్కడ నా కడుపులో ఉన్న మాట ఒకటి చెప్పాలి, ప్రశ్నకి సంబంధం లేకపోయినా. తాత మనవరాలు ఆరో తరగతి. గడగడా తెలుగు మాట్లాడుతుంది, గాలులకీ చేపలకీ నాకు తెలియని పేర్లు పది చెప్పింది. మావాడు తన పేరు ఇసుక మీద తెలుగులో రాశాడు. ఆ పిల్ల దాన్ని చూసి "ఇదేటక్షరం?" అంది. తన పేరు ఒడియాలో రాసి చూపించింది, ముత్యాల్లాంటి అక్షరాలు. ఒడియా రావాలి, మా పిల్లలకీ వచ్చు, ఈ నేల భాష అది. కానీ ఇంట్లో పుట్టినప్పట్నుంచీ మాట్లాడే భాష రాతలో కనబడితే గుర్తుపట్టలేకపోవడం నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. నాకూ తెలుగు బడిలో రాలేదు, నాన్న సాయంత్రాలు పలక మీద దిద్దించారు కాబట్టి వచ్చింది. సరిహద్దు ఊళ్లలో ఉన్న మనం ఆ పని చెయ్యకపోతే ఇంకెవరూ చెయ్యరు. నేను ఆ పిల్లకి అప్పుడే పలక మీద దిద్దినట్టు అ, ఆ, ఇ, ఈ ఇసుకలో దిద్దించాను. గాలి చెరిపేస్తుంటే మళ్లీ దిద్దింది.

ఇంకో బాధ దీపాల గురించి. మేం పెద్ద ఎల్‌ఈడీ దీపం పట్టుకెళ్లాం, చీకటి పడగానే వెలిగించాం. తాత వచ్చి ఆర్పించాడు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరమంతా అక్కడొకటి ఇక్కడొకటి గుడ్లు పెడతాయి, రుషికుల్య నది కలిసే చోట అయితే లక్షల్లో. 2025 ఫిబ్రవరిలో అక్కడికి దాదాపు ఏడు లక్షల తాబేళ్లు వచ్చాయి. ఒక్కొక్క గూట్లో వందకు పైగా గుడ్లు, యాభై రోజులు అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి. రాత్రి పూట నీళ్ల మీద కనిపించే వెలుగు చూసి సముద్రంలోకి పోవాల్సిన పిల్లలు, మన దీపం చూసి దిబ్బ వైపు పాక్కుంటూ వచ్చి చచ్చిపోతాయి. దయచేసి నవంబరు నుంచి మే దాకా రుషికుల్య మొగ దగ్గర టెంటు అన్న ఆలోచనే పెట్టుకోకండి. మిగతా చోట్ల కూడా ఊరివాళ్లనీ, అటవీశాఖ వాళ్లనీ అడిగాకే. తెల్లారాక మేం నడుస్తుంటే ఒక పెద్ద తాబేలు ఒడ్డున చచ్చి పడి ఉంది, ఒంటి మీద గాయం లేదు. పాప అడిగింది, నీళ్లలో బతికేది నీళ్లలో ఎలా చచ్చిపోయిందని. అది గాలి పీల్చే ప్రాణి, ట్రాలర్ అనే పెద్ద మరపడవ లాగే వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే మనలాగే మునిగిపోతుందని తాత చెప్పాడు. నది మొగల దగ్గర ఆ ఏడు నెలలు 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. దానివల్ల వీళ్ల పొట్టలు మాడతాయని కూడా ఆయనే చెప్పాడు, కోపం లేకుండా. అలాంటి చోటికి మరుసటి రోజు సోనాపూర్ వైపు రెండు బళ్లలో వచ్చిన కొందరు పెద్ద స్పీకర్లు పెట్టి, సీసాలు ఇసుకలో పగలగొట్టి పోయారు. ఆ ఇసుకలోనే ఊరి పిల్లలు వట్టి కాళ్లతో వల లాగుతారు. నాకు వాళ్ల మీద వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మీ ప్రశ్నకి మిగిలిన ముక్కలు. టెంటు ఖరీదైనది అక్కర్లేదు, గుమ్మటంలా పొట్టిగా ఉన్నది కొనండి, ఎత్తుగా నిలబడేది గాలికి ఆగదు. గుమ్మం గాలికి ఎదురుగా రాకూడదు. ఖాళీ సంచులు ఎనిమిది, నైలాన్ తాడు, చిన్న పార, బిందె. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే ఇసుకలో నడవడం కష్టం, మడత కుర్చీ ఒకటి పెట్టండి, రాత్రి చెవులకి మఫ్లరు. ఆవిడ టెంటులో పడుకోనంటే బలవంతం వద్దు, మా అత్తయ్య ఆ రాత్రి తన కొత్త వదిన ఇంట్లోనే పడుకుంది. పిల్లలు చీలమండ దాటి నీళ్లలోకి దిగకూడదు, మీరు పక్కన ఉన్నా సరే. కారు ఇసుకలోకి దింపొద్దు. ఇంటికొచ్చిన రోజే మంచినీళ్లతో అడుగు భాగం కడిగించండి, ఉప్పు ఇనుమును తినేస్తుంది.

ఉదయం సంచులు తవ్వి తీసి, ఇసుక పారబోసి, మడిచి తాతకి ఇవ్వబోతే తీసుకోలేదు. "ఉంచండమ్మా, మళ్లీ వస్తారు కదా" అన్నాడు. ఆ ఏడు సంచులూ మా డిక్కీలోనే ఉన్నాయి. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు పలక, పెద్దబాలశిక్ష పట్టుకెళ్లాం. మీరు ఏ దారిన, ఏ నెలలో వెళ్తున్నారో కింద రాయండి. ఆ దారిలో ముందు ఏ ఊళ్లో ఆగి అడగాలో చెబుతాను.